రెండు గంటలు కూర్చోబెట్టారు, డిపాజిట్ కట్టించుకున్నారు, ఇప్పుడు ఆపరేషన్ అంటున్నారు

ప్రశ్న: మా బంటికి ఐదేళ్లు. గండుపిల్లి, న్యూటరింగ్ అయింది, ఇంట్లోనే ఉంటాడు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దుటి నుంచి లిట్టర్ బాక్స్‌లోకి వెళ్లడం, ముక్కడం, లేచి రావడం, ఇదే పని. మలబద్ధకం అనుకున్నాం. రాత్రికి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, ఎత్తుకుంటే అరిచాడు. మేం ఎప్పుడూ చూపించే డాక్టర్ లేకపోవడంతో ఎమర్జెన్సీ ఆసుపత్రికి వెళ్లాం. మా తర్వాత వచ్చిన కుక్కల్ని ముందు లోపలికి తీసుకెళ్లి మమ్మల్ని రెండు గంటలు కూర్చోబెట్టారు. తీరా చూశాక మూత్రం అడ్డుపడింది, ప్రాణాపాయం అన్నారు. వెంటనే ఎస్టిమేట్ చేతిలో పెట్టి డిపాజిట్ కట్టమన్నారు. మూడు రోజులు ఉంచుకుని పంపారు. ఇంటికొచ్చిన నాలుగో రోజు మళ్లీ అదే కథ. మళ్లీ మూత్రం దారిలో ట్యూబ్ వేసి, తీసి, స్పెషలిస్ట్ సర్జన్ దగ్గరికి వెళ్లమన్నారు. ఆయన ఆపరేషన్ చేస్తే మంచిదంటున్నారు. మావారేమో "మొదటిసారి సరిగ్గా చేసుంటే మళ్లీ వచ్చేదా? వీళ్లంతా డబ్బు మనుషులు, ఈసారి వస్తే వదిలేద్దాం" అంటున్నారు. నాకైతే ఆ రెండు గంటలే కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఆపరేషన్ చేయించాలా? ఆసుపత్రి మీద ఫిర్యాదు చేయాలా?

జవాబు: అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఇది చదివే సమయానికి బంటి మళ్లీ లిట్టర్ బాక్స్‌లో కూర్చుని చుక్క రాకుండా ముక్కుతూ ఉంటే, చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

గండుపిల్లికి మూత్రం బయటికొచ్చే దారి చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. జిగురూ సన్నటి స్ఫటికాలూ కలిసి గట్టిపడి అక్కడ బిరడా పడుతుంది. కొన్నిసార్లు రాయి అడ్డుపడుతుంది. కొన్నిసార్లు లోపల ఏమీ ఉండదు, వాపుకీ నొప్పికీ ఆ దారే బిగుసుకుపోతుంది. కారణం ఏదైనా జరిగేది ఒకటే. మూత్రం పోయే దారి లేక కిడ్నీలు పని మానేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది, ఆగిపోతుంది. దారి పూర్తిగా మూసుకుపోయాక ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోతుంది. మామూలుగా ఆసుపత్రి బల్ల మీద పెట్టిన పిల్లి గుండె భయంతో నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకుంటుంది. అలాంటిది 110 దగ్గర ఉంటే ఇంట్లోవాళ్లు "పాపం, కుదురుగా ఉంది" అంటారు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్‌కి మాత్రం చెమటలు పడతాయి. ఈసీజీ తగిలించి, గుండెను కాపాడటానికి కాల్షియం, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి ఇన్సులిన్, దాంతో పాటు గ్లూకోజ్ ఇస్తారు. ఇవన్నీ ట్యూబ్ వేయకముందే చేయాల్సిన పనులు. రక్తం అంత పాడైన పిల్లికి ముందు మత్తిస్తే తట్టుకోలేదు.

ఇక మీ రెండు గంటల సంగతి. ఎమర్జెన్సీలో ఎవరు ముందొచ్చారని చూడరు, ఎవరు ముందు చచ్చిపోతారని చూస్తారు. మాట కటువుగా ఉన్నా పద్ధతి అదే, అలాగే ఉండాలి కూడా. మీ తర్వాత వచ్చిన కుక్క తన కాళ్ల మీద తను నడుచుకుంటూ వచ్చి ఉండొచ్చు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో పొట్ట గాలితో ఉబ్బి మెలిపడుతుంది. కుక్క వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు, ఒకచోట నిలబడలేదు. చూసేవాళ్లకి బాగానే ఉన్నట్టు ఉంటుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే బతకదు.

అయితే మూత్రం అడ్డుపడ్డ గండుపిల్లి కూడా ఆ ముందు వరసలోనే ఉండాలి. అందుకే మీ రెండు గంటలు నాకు మింగుడుపడలేదు. ఉత్తరం రెండోసారి చదివాక ఒక అనుమానం వచ్చింది. రిసెప్షన్‌లో ఏం చెప్పారు? ఇంట్లో మలబద్ధకం అనుకున్నారు కదా, అక్కడా అదే చెప్పి ఉంటారు. మలబద్ధకం అని రాసుకున్న కేసు వరసలో అడుక్కి వెళ్తుంది. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికేం లేదు. రెండు ఇబ్బందుల్లోనూ పిల్లి కూర్చునే తీరు దాదాపు ఒకలాగే ఉంటుంది, ఇలా పొరబడేవాళ్లు కోకొల్లలు. సరిగ్గా అందుకే ఆ మాట వినగానే "గండా, ఆడా? మూత్రం చివరిసారి ఎప్పుడు పోశాడు?" అని అడగాల్సిన బాధ్యత అవతలివాళ్లది. చెయ్యి పెట్టి చూస్తే క్షణాల్లో తేలిపోయే విషయం. వెనక కాళ్లకి కాస్త ముందు, పొట్ట కింద నుంచి బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు రెండో పక్క ఆనిస్తే నిండిన మూత్రాశయం టెన్నిస్ బంతిలా గట్టిగా తగులుతుంది, పిల్లి విదిలించుకుంటుంది. (ఇది ఇంట్లో ప్రయత్నించకండి. గట్టిగా నొక్కితే చిట్లిపోతుంది.)

ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు మీరేం అనుకుంటున్నారో కాదు, ఏం చూశారో చెప్పండి. ఇంత పెద్ద ఉత్తరానికి నా అసలు జవాబు ఇదే. "మలబద్ధకం" అనే బదులు "గండుపిల్లి, పొద్దుటి నుంచి చాలాసార్లు కూర్చున్నాడు, లిట్టర్ ఎక్కడా తడవలేదు, రెండుసార్లు వాంతి, ఎత్తితే అరుస్తున్నాడు" అని ఉంటే, నిద్రమొహంతో ఉన్న కొత్త నర్సు కూడా లేచి పరిగెత్తేది. "కాలు బెణికింది" అని పిల్లిని తెస్తారు. చూస్తే వెనక కాళ్లు రెండూ ఉన్నట్టుండి పడిపోయి చల్లగా ఉంటాయి. అది బెణుకు కాదు, గుండె జబ్బు వల్ల కట్టిన రక్తపు గడ్డ వెళ్లి కాళ్ల రక్తనాళానికి అడ్డుపడింది. "జలుబు" అంటారు, పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తూ ఉంటుంది. ఏ పిల్లయినా కదలకుండా కూర్చుని కుక్కలా నోటితో రొప్పుతోందంటే అది ఎమర్జెన్సీయే. "వయసైపోయింది కదా, నీరసంగా ఉంది" అని లాబ్రడార్‌ని తెస్తారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. చాలాసార్లు ప్లీహంలో గడ్డ పగిలి పొట్టలోకి రక్తం కారుతూ ఉంటుంది. మామూలుగా కుక్క చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకుంటే తేడా వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల చూడాలి.

ఫిట్స్ వస్తే నోట్లో వేలు పెట్టకండి, గడియారం చూడండి, ఇంకొకళ్లని ఫోన్‌లో వీడియో తీయమనండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా ఆగకుండా బయల్దేరాలి. ఆసుపత్రికి చేరేసరికి చాలావరకు తగ్గిపోయి ఉంటుంది, అప్పుడు డాక్టర్‌కి ఆ వీడియోనే ఆధారం. ఏదైనా మింగిందని అనుమానం ఉంటే ఆ ప్యాకెట్ తీసుకెళ్లండి. జ్వరం మాత్రేగా అనుకోవద్దు, ఒక్క పారాసెటమాల్ మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడాలు ఇంట్లో వద్దు.

ఒకసారి వరసలో కూర్చున్నాక కూడా పరిస్థితి మారితే లేచి వెళ్లి చెప్పాలి. "ఇందాకటి కంటే డీలా పడ్డాడు, మళ్లీ వాంతి చేసుకున్నాడు, ఒకసారి ఎవరైనా వచ్చి చూడండి" అనడంలో మొహమాటం ఏమీ అక్కర్లేదు. అరిచేవాళ్లని ముందు పిలుస్తారన్నది అపోహ, కొత్త విషయం చెప్పేవాళ్లని పిలుస్తారు.

డబ్బు సంగతి. డిపాజిట్ అడిగిన తీరు బాధ పెట్టిందని మీరు రాయలేదు గానీ ఆ వాక్యంలో కనిపిస్తోంది. పిల్లి లోపల చావుబతుకుల్లో ఉంటే కౌంటర్ దగ్గర కార్డు తీయమంటే ఎవరికైనా మండుతుంది. కానీ ఆ బిల్లు ట్యూబ్ ఒక్కదానికీ కాదు. అడ్డు తొలగాక కిడ్నీలు ఒక్కసారిగా తెరుచుకుని మూత్రం ధారగా పోస్తాయి. ట్యూబ్ చివర సంచిలోకి మొదట ఎర్రటి మూత్రం దిగుతుంది, తర్వాత లేతబడుతుంది. దాన్ని కొన్ని గంటలకోసారి కొలిచి, ఎంత పోయిందో అంత సెలైన్ ఎక్కించకపోతే, ఇప్పటిదాకా మూత్రం ఆగి చావబోయిన పిల్లి ఇప్పుడు నీరంతా పోయి కూలబడుతుంది. రాత్రంతా ఒక మనిషి మేలుకుని చేయాల్సిన పని ఇది. ఎమర్జెన్సీ ఆసుపత్రి ఖర్చులో పెద్ద భాగం ఆ మేలుకున్న మనిషిదే.

అలాగని ఎస్టిమేట్‌ని దండం పెట్టి తీసుకోమనడం లేదు. వరసగా చదివించుకుని రెండు ప్రశ్నలు అడగండి. "వీటిలో ఇప్పుడే చేయకపోతే ప్రాణం పోయేవేవి, రేపటిదాకా ఆగగలిగేవేవి?" "ఈ పరీక్షలో ఏం వస్తే మీరు చేసే వైద్యం మారుతుంది?" రెండో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఆ పరీక్ష ఆగొచ్చు. మీరు పెట్టగలిగింది ఇంతేనంటే మొదట్లోనే చెప్పేయండి. చాలామంది పరువుకి పోయి అన్నిటికీ తలూపి, రెండో రోజు చేతులెత్తేస్తారు. అప్పటికి డబ్బూ అయిపోతుంది, వైద్యం సగంలో ఆగుతుంది. ముందే చెబితే దారులుంటాయి. 2010లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ట్యూబ్ వేయించే స్తోమత లేక కారుణ్య మరణం దాకా వచ్చిన యజమానుల పిల్లులకి, ట్యూబ్ లేకుండా నొప్పి తగ్గించే మందులూ మత్తుమందులూ ఇచ్చి, సూదితో మూత్రం తీసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచారు. 15 పిల్లుల్లో 11 తమంతట తామే మూత్రం పోశాయి. రక్తం మరీ పాడైపోయిన పిల్లుల్ని అందులో చేర్చలేదు, కాబట్టి ఇది అందరికీ సరిపడే చిట్కా కాదు. కుక్కపిల్లల్లో పార్వో అనే వైరస్ జబ్బుకి కూడా ఇలాంటిదే ఉంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పోల్చి చూస్తే ఆసుపత్రిలో ఉంచిన వాటిలో 90 శాతం, రోజూ సూదులూ సెలైనూ ఇస్తూ ఔట్‌పేషెంట్ పద్ధతిలో చూసిన వాటిలో 80 శాతం బతికాయి. ఉత్తమ వైద్యానికీ ఏమీ చేయకపోవడానికీ మధ్య మెట్లున్నాయి. మంచి డాక్టర్‌కి అవి తెలుసు. మీరు అడిగితేనే బయటికొస్తాయి, ఎందుకంటే తక్కువ ఖర్చు దారి తనంతట తను చెబితే మిమ్మల్ని చిన్నచూపు చూసినట్టవుతుందేమోనని డాక్టర్‌కీ మొహమాటమే.

మీవారి అనుమానానికి వస్తే, నాలుగో రోజే మళ్లీ అడ్డుపడటం వైద్యం సరిగ్గా చేయలేదనడానికి రుజువు కాదు. ట్యూబ్ తీసిన తర్వాతి కొద్ది రోజులే అన్నిటికంటే ప్రమాదం. లోపల దారి ఒరుసుకుపోయి వాచి ఉంటుంది. ఇంటికి పంపేటప్పుడు ఈ ముక్క మీకు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే తప్పు అక్కడుంది, ట్యూబ్ వేయడంలో కాదు. ఎక్స్‌రే గానీ స్కానింగ్ గానీ చేశారా, లోపల రాళ్లున్నాయా అన్నది కూడా కనుక్కోండి. మూత్రాశయంలో రాళ్లు మిగిలుంటే మళ్లీ అడ్డుపడటంలో వింతేమీ లేదు. స్ట్రువైట్ రకం రాళ్లు ప్రత్యేకమైన ఆహారంతో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్ రకం కరగవు, తీయాల్సిందే.

ఇప్పుడు ఆపరేషన్. సర్జన్ చెప్పింది పెరినియల్ యురెత్రాస్టమీ అయి ఉంటుంది. సన్నగా ఉన్న చివరి భాగాన్ని తీసేసి, వెనక వెడల్పుగా ఉన్న భాగాన్ని బయటికి తెరిచి కుడతారు. దీంతో అడ్డుపడే ప్రమాదం బాగా తగ్గుతుంది. జబ్బు మాత్రం పోదు. బంటి వయసు పిల్లుల్లో మూల కారణం ఎక్కువగా మూత్రాశయంలో వచ్చే వాపు, దానికి ఇన్ఫెక్షన్ కంటే టెన్షన్ పెద్ద కారణం. కొత్త మనిషి, కొత్త పిల్లి, మారిన గది, మురికి లిట్టర్ బాక్స్, ఏదైనా చాలు. ఆపరేషన్ తర్వాత కూడా ఆ వాపు రావచ్చు, మంటతో చుక్కచుక్కగా పోయవచ్చు, కాకపోతే దారి మూసుకుపోయి చావడు. కొన్నింటిలో కుట్టిన చోట దారి మళ్లీ బిగుసుకుంటుంది, ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువవుతాయి. ఇవి పోను చాలా పిల్లులు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. రెండోసారి అడ్డుపడింది మొదటి వారంలోనే కాబట్టి దాన్ని కొత్త జబ్బుగా కాకుండా మొదటిదానికి తోకగా చూడొచ్చు. స్కానింగ్‌లో రాళ్లు లేకపోతే, బంటి ఇప్పుడు ధారగా పోస్తుంటే, మీరు రోజూ కనిపెట్టి ఉండగలిగితే కొన్నాళ్లు ఆగడం తెలివితక్కువేమీ కాదు. తడి ఆహారం, ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్లు, పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువగా లిట్టర్ బాక్సులు, అవీ సందడి లేని మూలల్లో. దాక్కోవడానికీ ఎక్కి కూర్చోవడానికీ చోటు. యాంటీబయాటిక్ ఇస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, కల్చర్‌లో, అంటే మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందా అని చూసే పరీక్షలో, బ్యాక్టీరియా కనిపించిందా అని అడగండి. మూడోసారి అడ్డుపడితే, లేదా రాత్రిపూట ఆసుపత్రికి చేరుకోవడం మీకు కష్టమైతే, నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. పదేపదే ట్యూబులు వేయించే ఖర్చు కలిపితే కొన్నిసార్లు ఆపరేషన్ ఖర్చుని మించిపోతుంది కూడా.

సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులూ ఎక్స్‌రేలూ అన్నీ పట్టుకెళ్లండి, చేసిన పరీక్షే మళ్లీ చేయించుకునే బాధ తప్పుతుంది. బోర్డు మీద స్పెషలిస్ట్ అని రాసుకున్న ప్రతివారూ ఆ చదువు చదివినవారు కాదు. అమెరికా లాంటి చోట్ల అయితే డిగ్రీ తర్వాత ఇంటర్న్‌షిప్, సాధారణంగా మూడేళ్ల రెసిడెన్సీ (స్పెషలిస్టుల దగ్గర శిక్షణ), ఆపై పరీక్ష ఉంటాయి. సర్జరీలో ప్రత్యేకంగా ఏం చదివారు, ఈ ఆపరేషన్ తరచుగా చేస్తుంటారా, ఆ రాత్రి పిల్లి దగ్గర ఎవరుంటారు, దారి మళ్లీ బిగుసుకుంటే ఖర్చు ఎవరిది అని అడగండి. నిజమైన స్పెషలిస్ట్ వీటికి నొచ్చుకోరు.

"ఈసారి వస్తే వదిలేద్దాం" అన్న మాట దగ్గర మాత్రం మీవారితో కూర్చుని తేల్చుకోండి. ఆ మాటకి ఇంట్లో ఉంచి చూద్దామని అర్థమైతే అది కుదరదు. మూత్రం అడ్డుపడ్డ పిల్లి నిద్రలో పోదు, నొప్పితో అరిచి అరిచి పోతుంది. ఇక ఖర్చు పెట్టలేమనుకుంటే డాక్టర్ చేత నొప్పి లేకుండా వెళ్లనివ్వడం గౌరవమైన నిర్ణయమే, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఏ గీత దగ్గర ఆగాలో ఇద్దరూ ఇప్పుడే, బంటి బాగున్నప్పుడే అనుకుని పెట్టుకుంటే, అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నిలబడి పోట్లాడుకోవాల్సిన అవసరం ఉండదు.

ఫిర్యాదు చేయండి, కానీ ముందు నలుగురిలో పెట్టకుండా ఆ ఆసుపత్రి పెద్ద డాక్టర్‌కే రాయండి. డిపాజిట్ గురించీ మర్యాద గురించీ కలిపి రాస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. రెండు గంటల గురించే రాయండి. ఆ రాత్రి మీరు నింపిన ఫారం కాపీ, ఎన్ని గంటలకు నమోదు చేశారు, ఎన్ని గంటలకు ఎవరు మొదట చెయ్యి వేసి చూశారు అన్న వివరాలు అడగండి. ఫారం మీద మీరు రాసింది మలబద్ధకమే అయినా, గండుపిల్లి ముక్కుతోందని తెలిసి రెండు గంటలపాటు ఒక్కరూ పొట్ట తడిమి చూడలేదని తేలితే మీ ఫిర్యాదులో బలం ఉన్నట్టే, వాళ్లు రిసెప్షన్‌లో అడిగే ప్రశ్నలు మార్చుకోవాల్సిందే.